మైసూరు చూడాలంటే ఎక్కడ దిగాలి?

వేసవి సెలవులకి ఎటు వెళదామా అని మీ ఇళ్లలో కూడా ఈపాటికి చర్చలు మొదలయ్యే ఉంటాయి. ఎన్ని రోజులు వెళ్లాలి, దారిలోకి పులిహోర కలపాలా, చపాతీలు చేయాలా అని అన్నీ ఆలోచించుకుంటాం గానీ, వెళ్లిన ఊళ్లో ఎక్కడ దిగాలన్న సంగతి మాత్రం మగవాళ్లకి వదిలేస్తాం. నేనూ అలాగే వదిలేశాను. మొన్న జనవరిలో మైసూరులో దాని ఫలితం అనుభవించాను కనుక, అటు వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మాది తెనాలి. మేం వెళ్లింది ఐదుగురం. మావారు, నేను, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి, మా అత్తయ్యగారు. అసలు ఈ ప్రయాణం పెట్టుకున్నదే అత్తయ్య కోసం. మా మావయ్యగారు రైల్వేలో పనిచేసేవారు. 1978లో పాసు మీద స్నేహితులతో కలిసి మైసూరు వెళ్లొచ్చారట. దీపాలు వెలిగించిన ప్యాలెస్ బొమ్మ ఉన్న కార్డు ఒకటి తెచ్చి, "ఈసారి నిన్నూ తీసుకెళతాను" అన్నారట. ఆ 'ఈసారి' ఆడపిల్లల పెళ్లిళ్లతో, ఇల్లు కట్టడంతో వాయిదా పడుతూనే వచ్చింది. క్రిందటేడు ఆయన పోయారు. ఆ కార్డు ఇప్పటికీ అత్తయ్య బీరువాలో చీరల మధ్యన ఉంది. ఆవిడకి డెబ్భై రెండేళ్లు, రెండు మోకాళ్లూ నొప్పులే. ఇంకో ఏడాది ఆగితే అసలు కదల్లేరేమోనని మేమే తొందరపెట్టాం.

ప్యాలెస్‌కి దీపాలు ప్రతిరోజూ ఒకేలా వెలిగించరని వెళ్లేవాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవాలి. ఆదివారాలు, ప్రభుత్వ సెలవు దినాలు, దసరా రోజుల్లోనే ఎక్కువసేపు వెలిగిస్తారు. రాత్రి ఏడింటికి దాదాపు లక్ష బల్బులు ఒక్కసారిగా వెలుగుతాయి. ముప్పావుగంటో, గంటో ఉంచి ఆర్పేస్తారు. అందుకే ఆదివారం కలిసొచ్చేలా, దాని పక్కనే సోమవారం జనవరి 26 సెలవు కూడా ఉందని చూసి టికెట్లు తీశారు మావారు. అక్కడివరకు ఆయన లెక్క బాగానే ఉంది.

గది కూడా ఆయనే ఫోన్‌లో చూసి బుక్ చేశారు. రోజుకి 1,400 రూపాయలు, పరుపు అదనంగా వేస్తారు, ఫోటోల్లో తెల్లటి దుప్పట్లు, గోడకి టీవీ. కింద "ప్యాలెస్‌కి 15 నిమిషాలు" అని రాసి ఉంది. నడిస్తేనా, కారులోనా అని నేనూ అడగలేదు, ఆయనా చూడలేదు. శనివారం సాయంత్రం రైలు దిగి ఆటో ఎక్కాక తెలిసింది, ఆ లాడ్జి ఊరి బయట రింగు రోడ్డు మీద ఉందని. అప్పుడే కట్టిన మేడ, ముందు రోడ్డు మీద లారీలు, చుట్టూ ఖాళీ స్థలాలు. ఇడ్లీ తినాలన్నా కిలోమీటరు నడవాలి. గది మాత్రం శుభ్రంగానే ఉంది, ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. రాత్రికి రైల్లో మిగిలిన చపాతీలే తిని పడుకున్నాం.

ఆదివారం ఉదయం బయల్దేరితే ఇంకో సంగతి తెలిసొచ్చింది. ఆటోకి ముగ్గురినే ఎక్కిస్తారు. మేం ఐదుగురం. అంటే ఎటు వెళ్లినా రెండు ఆటోలు! ప్యాలెస్‌కి రెండింటికీ కలిపి 400 అయింది.

ప్యాలెస్ గురించి చెప్పకుండా ముందుకి వెళ్లలేను. ఇప్పుడు మనం చూసేది పాతది కాదు. పాతది చాలావరకు కర్రతో కట్టినది. 1897లో రాచకుమార్తె పెళ్లిలో నిప్పంటుకుని కాలిపోయింది. ఆ తర్వాత హెన్రీ ఇర్విన్ అనే బ్రిటిష్ వాస్తుశిల్పి వేసిన నమూనాతో 1912కి ఇప్పటిది పూర్తిచేశారు. ఆ రోజుల్లోనే నలభై లక్షల పైన ఖర్చయిందట. కల్యాణ మండపం పైకప్పు రంగురంగుల అద్దాలతో, నెమళ్లతో ఉంటుంది. తలెత్తి చూస్తూ నిలబడితే మెడ నొప్పి కూడా తెలియదు. "పెళ్లిలో కాలింది కదా, అందుకే మళ్లీ పెళ్లి మండపాన్నే ఇంత బాగా కట్టించుకున్నారు" అన్నారు అత్తయ్య. దర్బారు హాలు స్తంభాల వరసలు, బంగారు అంబారీ ఇవన్నీ చూడవలసినవే. అయితే చెప్పులు బయటే విడవాలి, లోపల మెట్లున్నాయి, కూర్చునే చోట్లు తక్కువ. ఇంకో మాట. టికెట్లు ఇచ్చేదీ, లోపలికి పంపేదీ దక్షిణం వైపు గేటు దగ్గర. ఊరి నడిబొడ్డేమో ఉత్తరం వైపు ఉంటుంది. కాబట్టి "ప్యాలెస్ పక్కనే" అని ఎవరైనా చెబితే, ఏ పక్క అని అడగండి. ప్రహరీ చుట్టూ తిరిగి రావడమే పెద్దవాళ్లకి ఒక ప్రయాణం.

ఒంటిగంటకి బయటికి వచ్చేసరికి అత్తయ్య మోకాళ్లు వాచిపోయాయి. దగ్గర్లో గది ఉంటే ఓ రెండు గంటలు నడుం వాల్చి, సాయంత్రం మళ్లీ మెల్లగా వచ్చేవాళ్లం. మాకేమో గది ఊరి అవతల ఉంది. ఎండలో ఆటోలు బేరమాడి, 440 పోసి చేరేటప్పటికి ఆవిడ మంచం మీద పడుకుని లేవలేకపోయారు. సాయంత్రం ఐదింటికి, "మీరు వెళ్లిరండి, నాకు ఆ కార్డులో ఉంది కదా, చాల్లే" అన్నారు గోడవైపు తిరిగి.

మావారినీ పిల్లల్నీ పంపించి నేను ఆవిడ దగ్గరే ఉండిపోయాను. కాళ్లకి కాపడం పెడదామంటే వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకేనట. కింద కుర్రాడిని బతిమాలి ఒక చెంబెడు తెప్పించాను. వాళ్లు ఆటోకి 200 ఇచ్చి వెళ్లారు, తిరిగి వచ్చేటప్పుడు రాత్రి కదా, 300 అడిగారు. మా అబ్బాయి ఫోన్‌లో తీసిన దీపాల ఫోటో నానమ్మకి చూపించాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, "బాగుందిరా" అని ఫోన్ తిరిగి ఇచ్చేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పడుకుని లెక్క వేశాను. గది 1,400. ఆ ఒక్కరోజు ఆటోలు 400, 440, 200, 300 కలిపి 1,340. వెరసి 2,740. చవక గది అనుకున్నది ఎంతకి పడిందో చూడండి. "ఏమండీ, పొద్దున్నే గది మారిపోదాం" అన్నాను. "సోమవారానికి కూడా డబ్బు కట్టేశాను, వెనక్కి ఇవ్వరు. ఇంకో రెండు రాత్రుళ్ల కోసం ఎందుకే ఈ రాద్ధాంతం" అన్నారు. ఆయన మాటా అబద్ధం కాదు, 1,400 ఊరికే పోతాయి. కానీ సోమవారం రాత్రి దాటితే మళ్లీ అంతసేపు దీపాలు ఉండవు. "ఆ పద్నాలుగు వందలు నా పోపుల డబ్బా డబ్బుల్లోవి అనుకోండి" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

తెల్లవారగానే మా అమ్మాయిని వెంటబెట్టుకుని సిటీ బస్సు ఎక్కాను. కన్నడ అక్షరాలు మన అక్షరాలకి దగ్గరగా ఉంటాయి కదా, కొంచెం కూడబలుక్కుంటే బోర్డులు చదివేయొచ్చు. కర్ణాటకలో 2023 నుంచి ఆడవాళ్లకి ప్రభుత్వ బస్సులు ఉచితం. అయితే ఆ రాష్ట్రం వాళ్లకే, మన ఆధార్ కార్డుకి టికెట్ కొట్టాల్సిందే. సిటీ బస్టాండు కె.ఆర్. సర్కిల్ దగ్గర, ప్యాలెస్‌ని ఆనుకున్నట్టే ఉంటుంది. అక్కడ దిగి, కాఫీ తాగి, ఇద్దరం లాడ్జీల వేటలో పడ్డాం.

మైసూరులో దిగడానికి ఎక్కడ వెతకాలో ఒక్క ముక్కలో చెబుతాను. పడమర వైపు రైల్వే స్టేషన్, తూర్పుగా దూరప్రాంతాల బస్సులు ఆగే సబర్బన్ బస్టాండు, దక్షిణాన ప్యాలెస్. ఈ మూడింటి మధ్యన ఉన్న ముక్కే అసలు ఊరు. ధన్వంతరి రోడ్డు, సయ్యాజీరావు రోడ్డు, గాంధీ స్క్వేర్, గడియార స్తంభం, దేవరాజ మార్కెట్ అన్నీ ఇందులోనే ఉన్నాయి. మన బోటివాళ్లకి సరిపడే లాడ్జీలు కూడా ఇక్కడే ఎక్కువ. ఈ ముక్క దాటి బయటికి వెళితే గది అద్దె తగ్గుతుంది, ఆటో బాడుగ పెరుగుతుంది.

మొదట చూసిన లాడ్జి బస్టాండుకి ఎదురుగానే ఉంది. బాగా దగ్గరే గానీ కిటికీ తీస్తే బస్సుల హారన్లు, మూస్తే ఊపిరాడదు. పైగా నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. రెండోదానికి లిఫ్టు ఉంది. కానీ కింద బారు ఉంది, ఆడపిల్లని పెట్టుకుని సాయంత్రాలు ఆ మెట్లెక్కడం నాకు నచ్చలేదు. మూడోది ధన్వంతరి రోడ్డులో. గుమస్తా మర్యాదస్తుడు, అద్దె 1,600 అన్నాడు. గదిలోకి వెళితే కిటికీ అనుకున్నది తెరవెనక ఉత్త గోడ! తడిబట్టల వాసన. దిండు ఎత్తి వాసన చూశాను, మా అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయింది. మీరు మాత్రం సిగ్గుపడకండి. దిండు, దుప్పటి, స్నానాలగదిలో కుళాయి, ఈ మూడూ చూడకుండా డబ్బు కట్టొద్దు. కుళాయి తిప్పి ధార ఎంత వస్తుందో చూడండి, వేడినీళ్లు ఏ వేళలో ఇస్తారో అడగండి. జనవరిలో మైసూరు చలి మనకి అలవాటు లేనిది.

నాలుగోది గాంధీ స్క్వేర్ పక్క సందులో దొరికింది. పాతకాలపు లాడ్జి, మధ్యలో వాకిలి, చుట్టూ వరండా. కింది అంతస్తులో పెద్ద గది ఖాళీగా ఉంది. గచ్చు నేల, పాత మంచాలు, టీవీ చిన్నది, ఫోటో తీస్తే ఏమంత బాగా రాదు. కానీ గడప నుంచి గదికి రెండే మెట్లు. స్నానాలగదిలో కూర్చునే రకం కమోడ్ ఉంది, పట్టుకోవడానికి గోడకి కడ్డీ ఉంది. నాలుగడుగుల్లో శాకాహార హోటలు. ఐదుగురికీ రెండు అదనపు పరుపులతో 2,300 అన్నారు. లెక్క చూసే పెద్దాయన కన్నడంలో తెలుగు కలిపి, "మీ అత్తగారికి నడవలేకపోతే జట్కా పిలిపిస్తానమ్మా" అన్నారు. నాకు ఆ మాటతోనే గది నచ్చేసింది. అయినా కుళాయి తిప్పి చూసే వచ్చాను.

పదింటికల్లా సామాన్లతో మారిపోయాం. అత్తయ్యకి వేడినీళ్ల కాపడం పెట్టి, మందు రాసి, మధ్యాహ్నం వరకు పడుకోబెట్టాను. మిగతావాళ్లం నడిచి దేవరాజ మార్కెట్‌కి వెళ్లొచ్చాం. నూరేళ్లు దాటిన మార్కెట్ అది. ఒక వరస అంతా మల్లెపూలు, ఒక వరస తమలపాకులు, కుంకుమలూ రంగులూ కుప్పలు పోసి ఉంటాయి. నంజనగూడు అరటిపళ్లు అడిగి కొనండి, చిన్నగా ఉంటాయి గానీ రుచి వేరు. మార్కెట్ దగ్గరే మైసూర్ పాక్ కొన్నాం. ప్యాలెస్ వంటశాలలో మాదప్ప అనే వంటాయన మొదట చేశాడని చెబుతారు. మనం ఇంట్లో చేసే గుల్ల పాకం కాదు, నేతితో మెత్తగా, వేలితో నొక్కితే దిగిపోయేలా ఉంటుంది. పావుకిలో కొని, గది దగ్గరే కదా అని మళ్లీ వెళ్లి ఇంకో అరకిలో తెచ్చాం. గది దగ్గరుంటే ఈ నష్టం కూడా ఉంది!

సాయంత్రం ఆరింటికి జట్కా వచ్చింది. అత్తయ్య దాన్ని చూడగానే, "అమ్మాయ్, నా చిన్నప్పుడు తెనాలి స్టేషన్ ముందు ఇలాగే ఉండేవి" అని చిన్నపిల్లలా ఎక్కి కూర్చున్నారు. ఆవిడ, నేను, పిల్లలు జట్కాలో. మావారు చోటు లేక వెనక నడిచి వచ్చారు, నేను జాలిపడలేదు. దానికి ఇచ్చింది రానూపోనూ 200.

ప్యాలెస్ ఆవరణలో ఒక గట్టు మీద ఆవిడకి శాలువా మడిచి వేసి కూర్చోబెట్టాం. చీకటి పడుతోంది, జనం నిండిపోయారు, ప్యాలెస్ నల్లగా కనిపిస్తోంది. ఏడింటికి ఒక్కసారిగా వెలిగింది. గోపురాలు, కమానులు, గోడల అంచులు అన్నీ గీత గీసినట్టు బంగారు రంగులో. జనం అంతా "ఓ" అన్నారు. అత్తయ్య మాత్రం ఏమీ అనలేదు. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "ఆ కార్డులో రంగు కొంచెం ఎరుపు కొట్టినట్టుంటుంది. ఇది అలా లేదు" అన్నారు. ఆర్పేసేవరకు లేవలేదు. గదికి వచ్చాక రెండు ఇడ్లీలు తిని, మావయ్యగారి గురించి పిల్లలకి అర్ధరాత్రి దాకా కబుర్లు చెప్పారు.

మంగళవారం జంతు ప్రదర్శనశాలకని మావాడు పొద్దున్నే తయారైతే, మంగళవారం సెలవని తెలిసింది. వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి. 1892లో పెట్టిన పాత జూ అది, పిల్లలుంటే సగం రోజు కావాలి. దాని బదులు సిటీ బస్టాండులో 201 నంబరు బస్సెక్కి చాముండి కొండకి వెళ్లాం. బోర్డు మీద "చాముండి" అని అత్తయ్యే అక్షరం అక్షరం చదివి మమ్మల్ని పిలిచారు. మెట్ల దారి కూడా ఉంది, వెయ్యి మెట్లు, అది మనకి కాదు. అమ్మవారి దర్శనం చేసుకుని మధ్యాహ్నానికి గదికి వచ్చి అందరం పడుకున్నాం. మళ్లీ నాలుగింటికి బృందావన్ గార్డెన్స్. ఊరికి ఇరవై కిలోమీటర్లు ఉంటుంది, దానికీ ఆ బస్టాండు నుంచే బస్సులున్నాయి. పక్కనే ఉన్న కృష్ణరాజసాగరం ఆనకట్ట పని మొదలైంది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఆధ్వర్యంలో. వాళ్ల పూర్వీకుల ఊరు మోక్షగుండం మన ఆంధ్రాలోనిదే. 1908 వరదల తర్వాత హైదరాబాదుకి మూసీ ముంపు తప్పించే ఏర్పాట్లు సూచించింది కూడా ఆయనే. మా అమ్మాయి చెబితే అత్తయ్య ఆనకట్టకి దణ్ణం పెట్టారు.

ఇక మీరు గది కోసం ఫోన్ చేసినప్పుడు నేను ఆదివారం రాత్రి నేర్చుకున్నవి కొన్ని అడగండి. కె.ఆర్. సర్కిల్‌కి నడిస్తే ఎంతసేపు? (ఫోన్ మ్యాపులో చూసేటప్పుడు కారు బొమ్మ కాకుండా నడిచే మనిషి బొమ్మ నొక్కాలి, మా అమ్మాయి చూపించింది.) కింది అంతస్తులో గది ఉందా, లేకపోతే లిఫ్టు ఉందా, ఆ లిఫ్టు పనిచేస్తుందా? ఖాళీ చేయడం దిగిన వేళ నుంచి 24 గంటల లెక్కా, లేక మధ్యాహ్నం పన్నెండుకా? రాత్రి దిగేవాళ్లకి ఈ తేడాతో సగం రోజు అద్దె పోతుంది. గది రోజుకి 7,500 లోపు అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. బిల్లులో పాత లెక్క వేశారేమో చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, తెలియని ఊళ్లో మొదటి రాత్రికే డబ్బు కట్టండి. నచ్చితే పొడిగించుకోవచ్చు. దసరాకి వెళ్లేవాళ్లకి మాత్రం ఈ మాట వర్తించదు. అప్పుడు అద్దెలు బాగా పెరుగుతాయి, గదులే దొరకవు, ముందే మొత్తం మాట్లాడుకోవాలి.

బుధవారం పొద్దున్న గది ఖాళీ చేసి, సామాను ఆ పెద్దాయన బల్ల వెనకే పెట్టి, జూ చూసి వచ్చి మధ్యాహ్నం రైలెక్కాం. సామాను ఉంచినందుకు ఆయన డబ్బు తీసుకోలేదు, మైసూర్ పాక్ ఇస్తే మాత్రం తీసుకున్నారు. రైల్లో మావారు జేబు పుస్తకం తీసి ఖర్చులన్నీ వేశారు. వదులుకున్న గది తాలూకు 1,400 ఎవరి ఖాతాలో రాశారా అని తొంగి చూశాను. "నావే, నీకు ఇచ్చేస్తాలే" అన్నారు. ఇది రాసే సమయానికి ఇంకా ఇవ్వలేదు.